ఆటస్థలమే ఆరోగ్యపాఠశాల

రాజమహేంద్రవరమునుండి కాకినాడవైపు సాగిపోవు కాలువ వెంట కొంతదూరము ప్రయాణము చేసినచో కడియము వచ్చును. కడియము, కడియపులంక, వీరవరము, బుర్రిలంక, జేగురుపాడు అను గ్రామములలో ఎటు చూచినను మొక్కలే కన్నులపండువుగా కానవచ్చును. గులాబీలు, మందారములు, మామిడి అంట్లు, కొబ్బరి మొలకలు వేలకొలది నల్లని సంచులలో బారులు తీరి నిలిచియుండును. ఇచ్చటి నర్సరీలనుండి మొక్కలు లారీలకెక్కి దేశమునందలి అనేక రాష్ట్రములకు పోవుచుండును.

ఈ తోటలలో పనిచేయువారిని ఒక ప్రశ్న అడిగి చూడుడు: "మొక్కను సంచిలోనే ఎన్నాళ్ళు ఉంచవచ్చును?" అదను దాటి ఉంచరాదని వారు వెంటనే చెప్పుదురు. సంచిలో చోటు చాలక వేరు గుండ్రముగా తనలో తానే చుట్టుకొనిపోవును. పైన ఆకులు పచ్చగానే ఉండును. చూచువారికి లోపము తెలియదు. అట్టి మొక్కను తరువాత నేలలో పాతినను, చుట్టుకొనిన వేరు చక్కగా విచ్చుకొనదు. ఒక గాలివాన వచ్చినచో ఆ చెట్టు ముందుగా ఒరిగిపోవును.

వారు మరియొక మాటయు చెప్పుదురు. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టరాదు. మొదట కొంతసేపు, పిదప మరికొంతసేపు ఎండ సోకనిచ్చి, నీరు తగ్గించి, క్రమముగా దానిని బయటి గాలికి అలవాటు చేయవలెను. అట్లు చేసిన మొక్కయే దూరప్రయాణమునకు ఓర్చును.

బడిపిల్లల విషయమును ఇంతియే. ఉదయమునుండి సాయంత్రమువరకు బల్లమీద కూర్చుండి, ఇంటికి వచ్చి మరల పుస్తకము ముందో, టెలివిజను ముందో, సెల్‌ఫోను ముందో కూర్చుండు బాలుడు సంచిలోని మొక్కవంటివాడు. పైకి ఆరోగ్యముగానే కనబడును. మార్కులును వచ్చుచుండవచ్చును. కాని లోపల వేరు చుట్టుకొనుచున్నది. ఆ వేరును విప్పు చోటు ఒక్కటే కలదు. అది ఆటస్థలము.

మనకు తరగతిలో ఆరోగ్యమునుగూర్చి అనేక విషయములు బోధింపబడుచున్నవి. గుండెకు నాలుగు గదులున్నవని చదువుదుము. ఊపిరితిత్తులు ప్రాణవాయువును గ్రహించునని వ్రాయుదుము. చేతులు కడుగుకొనవలెనని వల్లించుదుము. పరీక్ష అయిన మరునాడు అందులో సగము మరతుము. వినిన పాఠము చెవిలో నిలుచును. చేసిన పాఠము దేహములో నిలుచును. వ్యాయామవిద్య ఆరోగ్యపాఠమును దేహముచేత చేయించు విద్య.

ఒక చిన్న ప్రయోగము చేసి చూడుడు. కుడిచేతి చూపుడు వ్రేలిని, నడిమి వ్రేలిని ఎడమచేతి మణికట్టుపై బొటనవ్రేలి ప్రక్కన మెల్లగా ఆనింపుడు. నాడి కొట్టుకొనుట తెలియును. 15 సెకండ్లలో ఎన్నిసార్లు కొట్టుకొనెనో లెక్కించి, ఆ సంఖ్యను నాలుగుచేత గుణింపుడు. మీకు 20 వచ్చినదనుకొనుడు; అనగా మీ గుండె నిమిషమునకు 80 సార్లు కొట్టుకొనుచున్నది. ఆ లెక్కన రోజు ఒక్కటికి లక్షసార్లకు పైగా అది పనిచేయుచున్నది. మనము నిద్రించునప్పుడైనను దానికి సెలవు లేదు.

ఇప్పుడు ఆటస్థలము చుట్టును రెండు మారులు పరుగెత్తి వచ్చి మరల లెక్కింపుడు. ఈసారి 38 వచ్చినచో, నిమిషమునకు 152 అయినది. కాళ్ళలోని కండరములు అధికముగా ప్రాణవాయువును కోరుటచేత గుండె వేగముగా రక్తమును పంపుచున్నది. ఊపిరియు వేగమైనది. ఇక మూడు నిమిషములు మెల్లగా నడచి మూడవసారి లెక్కింపుడు. సంఖ్య ఎంతవరకు దిగినదో పుస్తకములో వ్రాసికొనుడు. ప్రతిదినము ఆడి, రెండు మూడు నెలల పిదప ఇదే ప్రయోగమును మరల చేయుడు. ముందటికంటె త్వరగా నాడి నెమ్మదించుట గమనింతురు. గుండెయు ఒక కండరమే గదా! పనిచేయించుకొలది అది బలపడును. ఈ సంగతిని పుస్తకము చెప్పినప్పుడు మనము నమ్ముదుము. మన మణికట్టు చెప్పినప్పుడు మనము తెలిసికొందుము.

గుండె ఒక్కటియే గాక, దేహమందలి ప్రతిభాగమును ఆట వలన మేలు పొందును. పాదములవరకు దిగిన రక్తము మరల గుండెకు ఎక్కవలెను. పిక్కలలోని కండరములు బిగిసి సడలునప్పుడు రక్తనాళములను పిండి, ఆ రక్తమును పైకి నెట్టుచుండును. అందుచేతనే గంటలకొలది కదలక కూర్చుండినచో కాళ్ళు బరువెక్కును. ఎముకలును అట్టివే. దుముకుట, పరుగెత్తుట, బరువెత్తుట వంటి పనుల ఒత్తిడి తగిలినప్పుడే ఎముక గట్టిపడును. మనిషి జీవితమంతయు వాడుకొను ఎముకల బలములో అధికభాగము ఇరువది యేండ్ల లోపుననే కూడబెట్టబడును. అది బాల్యమున వేసిన పొదుపు; వార్ధక్యమున తీసికొను సొమ్ము. ఎండ చర్మమునకు తగిలినప్పుడు దేహములో డి విటమిను తయారై, ఎముకలకు కావలసిన సున్నపు పదార్థమును ఆహారమునుండి గ్రహించుటకు తోడ్పడును.

మన పెద్దలకు ఈ శాస్త్రవిషయములన్నియు తెలియకున్నను, దేహమును సాధన చేయు పద్ధతులు తెలియును. చెడుగుడు ఆటను చూడుడు. కూతకు వెళ్ళినవాడు ఊపిరి తీయకుండ కూత పలుకుచునే ప్రత్యర్థులను తాకి తిరిగి రావలెను. ఊపిరిని అదుపులో నుంచుకొనుటకు ఇంతకంటె మంచి పాఠము కలదా? పల్లెటూరి చెడుగుడు కబడ్డీ అను పేర 1990లో బీజింగు నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పోటీ ఆటగా ప్రవేశించినది. కోతికొమ్మచ్చి చేతులకు పట్టు నిచ్చును. తొక్కుడుబిళ్ళ ఒంటికాలిపై నిలుకడ నేర్పును. గూటీబిళ్ళ కంటికిని చేతికిని పొందిక కలిగించును. గోదావరి సీమలో సాముగరిడీలకును తాలింఖానాలకును పూర్వమునుండి ఆదరణ కలదు. అమలాపురమున దసరా ఉత్సవములలో కత్తిసాము, కర్రసాము తెలిసినవారు తాలింఖానా విద్యలను నేటికిని ప్రదర్శించుచున్నారు.

ఈ దేశీయసాధన బడిలోనికి ప్రవేశించుటకు కొందరు మహనీయులు దారి చూపిరి. వారిలో ఒకరు కోడి రామమూర్తి నాయుడు. ఆయన నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో నున్న వీరఘట్టమున జన్మించెను. చెన్నపట్టణమున సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరములో పాఠశాల పిల్లలకు వ్యాయామము నేర్పెను. పిదప సర్కసు నెలకొల్పి, ఇనుపగొలుసులను తెంచుట, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట వంటి సాహసకృత్యములచేత కలియుగభీముడని ప్రఖ్యాతి గాంచెను. 1942లో ఆయన మరణించెను. ఏనుగును మోయుట మన కెవ్వరికిని అవసరము లేదు. కాని అంతటి బలశాలియు మొదట బడిపిల్లలను వరుసగా నిలిపి చేతులు చాపుడని నేర్పిన ఉపాధ్యాయుడే యను సంగతి మనము మరువరాదు.

1920లో హారీ క్రో బక్ అను అమెరికా దేశీయుడు చెన్నపట్టణమున వై.యం.సి.ఏ. వ్యాయామకళాశాలను స్థాపించెను. వ్యాయామోపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటకై ఆసియాఖండమున వెలసిన తొలి కళాశాలలలో ఇది యొకటి. ఆ కాలమున గోదావరి మండలమును చెన్నరాష్ట్రములోనిదే. అంతకుముందు డ్రిల్లు అనగా సిపాయిలవలె అడుగులు వేయుట యని యెక్కువమంది తలచెడివారు. బిడ్డ దేహమునకు, మనస్సునకు, నడవడికి తగిన ఆటలను ఎంచి నేర్పుట ఒక శాస్త్రమనియు, దానికి ప్రత్యేకశిక్షణ కావలెననియు ఇట్టి కళాశాలల మూలమున అందరికిని తెలియవచ్చెను.

ఇక మన డెల్టాకు ప్రత్యేకముగా సంబంధించిన మాట యొకటి చెప్పవలసియున్నది. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున కాటన్ దొరగారు ఆనకట్ట కట్టించిరి. కాలువలు పారినవి. కరవునేల అన్నపూర్ణ యైనది. కడియము మొక్కలు నేడు పచ్చగా నున్నవనిన ఆ నీటి చలువయే. కాని నీరు నిలిచిన చోట దోమయు నిలుచును. తేమగల నేలలో పురుగును బ్రతుకును. బోదకాలు, కొంకిపురుగు అను రెండు వ్యాధులు ఈ తడినేలను ఆశ్రయించి చిరకాలము ప్రజలను పీడించినవి.

బోదకాలు చెడునీరు త్రాగుటవలన వచ్చునని కొందరు తలంతురు. అది పొరపాటు. మురుగునీటిలో పెరుగు దోమ, వ్యాధిగలవానిని కుట్టి మరియొకనిని కుట్టుటచేత సన్నని పురుగులు దేహములో ప్రవేశించును. అవి రసనాళములలో చేరి వాటిని చెరచును. రక్తమును నడుపుటకు గుండె కలదు. రసమును నడుపుటకు అట్టి గుండె లేదు. కండరముల కదలికయు, ఊపిరియు దానిని ముందునకు నడపుచుండును. అందుచేతనే కాలు వాచినవారికి వైద్యులు మందుతోపాటు మూడు పనులు చెప్పుదురు: కాలును దినదినము సబ్బుతో కడిగి ఆరబెట్టుకొనుట, కూర్చుండునప్పుడు ఎత్తుగా పెట్టుకొనుట, పాదమును మడమను కదలించుచు వ్యాయామము చేయుట. వ్యాయామము ఆరోగ్యవంతులకు అలంకారము మాత్రమే కాదు, రోగికిని ఔషధమని దీనివలన తెలియుచున్నది. 1955లో భారతప్రభుత్వము బోదకాలు నివారణ కార్యక్రమమును ప్రారంభించినది. 2004 మొదలు ఈ వ్యాధిగల జిల్లాలలో ఏటేట ప్రజలందరికిని మాత్రలు మ్రింగించు పద్ధతి వచ్చినది.

కొంకిపురుగు కథ వేరు. ఆరుబయట మలవిసర్జన చేసినచో పురుగు గ్రుడ్లు తడిమట్టిలో చేరి పిల్లలగును. కంటికి కానరాని ఆ పిల్లపురుగులు, చెప్పులులేని పాదముల చర్మమును తొలుచుకొని లోపలికి పోవును. తుదకు ప్రేవులకు చేరి, అచ్చట పట్టుకొని వ్రేలాడుచు రక్తమును పీల్చును. తరచుగా నొప్పి యుండదు; జ్వరము రాదు. కాని బిడ్డ నెలనెలకు పాలిపోవుచుండును. దొడ్డి వాడుట, పాదరక్షలు ధరించుట, చేతులు కడుగుకొనుట దీనికి విరుగుడులు. 2015 నుండి ఫిబ్రవరి 10వ తేదీన జాతీయ నులిపురుగుల నివారణదినముగా పాటించి, బడులలోను అంగన్‌వాడీలలోను ఒకటి మొదలు పందొమ్మిది యేండ్లవరకు గల పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చుచున్నారు.

ఈ వ్యాధులకును ఆటకును సంబంధమేమి యని మీరడుగవచ్చును. ఒక బాలికను ఊహించుకొనుడు. ఆమె తల్లి నర్సరీలో సంచులకు మట్టి నింపు పని చేయుచున్నది. బాలిక ఎనిమిదవ తరగతి చదువుచున్నది. తరగతిలో ఆమె నెమ్మదిగా కూర్చుండును, ఎవరితోను పోట్లాడదు, అడిగినచో సమాధానము చెప్పును. ఉపాధ్యాయులందరును "మంచిపిల్ల" యందురు. ఆమెకు జబ్బున్నదని ఎవ్వరికిని తోచదు.

సాయంత్రము ఆటలగంట కొట్టినది. పిల్లలందరు ఖోఖో ఆడుచున్నారు. నిన్నటివరకు ముందుండిన ఆ బాలిక నేడు రెండు నిమిషములకే రొప్పుచు కూలబడినది. తోటివారు నవ్విరి. "సోమరి" యని ఒకరనిరి. కాని వ్యాయామోపాధ్యాయుడు నవ్వలేదు. ఆయన ఆమె నాడిని చూచెను. నీడలో పది నిమిషములు కూర్చుండినను అది వేగముగానే యున్నది. క్రింది కనురెప్పను దింపి చూచెను. లోపల ఎఱ్ఱగా నుండవలసిన చోట తెల్లగా పాలిపోయియున్నది. గోళ్ళును అట్లే యున్నవి. ఆయన తల్లిని పిలిపించి, "అమ్మా! పిల్లను వెంటనే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపొండి. రక్తపరీక్ష చేయింపుడు. ఇది సోమరితనము కాదు" అని చెప్పెను.

రక్తములో హీమోగ్లోబిన్ అను పదార్థము ప్రాణవాయువును మోయు బండి వంటిది. దానికి ఇనుము కావలెను. ఇనుము తక్కువైనచో బండ్లు తగ్గును. అప్పుడు ఉన్న బండ్లతోనే పని జరుపుటకై గుండె ఎక్కువసార్లు కొట్టుకొనవలసి వచ్చును. బల్లమీద కూర్చుండినంతకాలము ఈ కొరత తెలియదు. పరుగెత్తినప్పుడే బయటపడును. తరగతిగది దాచిన రోగమును ఆటస్థలము చూపినది. ఆటలగంటను లెక్కల పరీక్షకు ఇచ్చివేసిన బడిలో ఆ బాలిక రోగము ఇంకెన్నాళ్ళు మరుగున ఉండెడిదో యోచింపుడు.

ఇది ఊహించిన కథయే యైనను, ఇట్టి బాలికలు లేని ఊరు అరుదు. 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 19 ఏండ్ల వయస్సుగల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఆ వయస్సు బాలురలో నూటికి 31 మందికి మాత్రమే యున్నది. బడిలో వారమున కొకసారి ఇచ్చు ఇనుపమాత్రను కొందరు పిల్లలు చేదని పారవేయుదురు. అది కొద్దిగా కడుపులో వికారము కలిగించవచ్చును. అన్నము తినిన పిమ్మట మ్రింగినచో ఆ బాధ తగ్గును. తోటకూర, మునగాకు, బెల్లము, గ్రుడ్లు, చేపలు, పప్పుదినుసులు ఇనుమునకు తోడగును. భోజనమున నిమ్మకాయ పిండుకొనినచో ఆకుకూరలలోని ఇనుము మరింతగా ఒంటబట్టును. భోజనముతోపాటు టీ త్రాగినచో తక్కువగా పట్టును.

బాలికల విషయమున మరియొక హానియు జరుగుచున్నది. చిన్నతనమున తమ్మునితో సమానముగా పరుగెత్తిన పిల్ల, ఏడెనిమిది తరగతులకు రాగానే గట్టున కూర్చుండి చూచుటకు అలవాటుపడును. "ఆడపిల్లకు ఆటలేల?" అను మాట ఇంటిలోను వీధిలోను వినవచ్చును. ఎముకలు బలమును కూడబెట్టుకొనవలసిన వయస్సున, గుండె గట్టిపడవలసిన వయస్సున, ఆమెను ఆటస్థలమునుండి తప్పింతుము. శ్రీకాకుళము ప్రాంతమునందలి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరిని గట్టున కూర్చుండబెట్టి యుండినచో ఏమై యుండెడిది? ఆమె 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోల బరువులెత్తి కంచుపతకమును గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే.

మన గోదావరి పాయలనడుమ నున్న అమలాపురమునుండి సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి బయలుదేరెను. ఆయన తండ్రి వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసెను. సాత్విక్ తన జోడీ చిరాగ్ శెట్టితో కలిసి 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పురుషుల డబుల్సు బ్యాడ్మింటనులో బంగారుపతకము సాధించెను. ఆసియా క్రీడలలో బ్యాడ్మింటనున భారతదేశమునకు వచ్చిన మొదటి బంగారుపతక మదియే. ఇట్టివారిని చూచి మనము గర్వింతుము. కాని వందమంది ఆడినప్పుడు ఒకరికి పతకము రావచ్చును, రాకపోవచ్చును; ఆరోగ్యము మాత్రము వందమందికిని వచ్చును. వ్యాయామవిద్య ఆ వందమంది కొరకే కాని ఆ ఒక్కని కొరకు కాదు. జట్టులోనికి ఎన్నిక కాని బాలుడే ఎక్కువగా ఆడవలసినవాడు. లావుగా నున్నవాడు, అవిటివాడు, భయపడువాడు, అందరికంటె వెనుక పరుగెత్తువాడు, వీరందరికిని తగిన ఆటను కల్పించుటలోనే మంచి వ్యాయామోపాధ్యాయుని నేర్పు కనబడును.

ఎంతసేపు ఆడవలెను? అయిదు మొదలు పదునేడు ఏండ్లవరకు గల పిల్లలు సగటున రోజునకు 60 నిమిషములైనను ఊపిరి వేగమగునట్లు ఆడవలెననియు, వారములో మూడు దినములు ఎముకలకును కండరములకును బలమిచ్చు పనులు చేయవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. 2016 నాటి లెక్కలనుబట్టి ప్రపంచమున 11 మొదలు 17 ఏండ్ల వయస్సు పిల్లలలో నూటికి 81 మంది ఈ పాటి కదలికకును నోచుకొనలేదని ఆ సంస్థవారు తెలిపిరి. సంచిలో చుట్టుకొను వేరు మన ఊరిలోనే కాదు, లోకమంతటను ఉన్నదన్నమాట.

చట్టమును ఈ విషయమున పిల్లల పక్షముననే యున్నది. 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలము ఉండవలెనని విధించినది. ఆరు మొదలు ఎనిమిది తరగతులలో నూరుగురికి మించి పిల్లలున్న బడిలో ఆరోగ్య, వ్యాయామవిద్యకు బోధకుడుండవలెనని చెప్పినది. ఆరోగ్యము, వ్యాయామము అను రెండు మాటలను ఆ చట్టము ఒక్కచోట చేర్చుట గమనింపదగినది. అవి రెండు పాఠములు కావు, ఒక్కటే పాఠము.

అయినను విశాలమైన ఆటస్థలము లేని బడులు కలవు. ఊరిలో సెంటు భూమికి వేలు లక్షలు పలుకు కాలమిది. స్థలము లేదని ఊరకుండరాదు. తాడాటకు చాపంత చోటు చాలును. తొక్కుడుబిళ్ళకు నాలుగు గీతలు చాలును. యోగాసనములు వరండాలో వేయవచ్చును. పీరియడునకు పీరియడునకు నడుమ లేచి నిలువబడి రెండు నిమిషములు చేతులు, మెడ, నడుము కదలించుటయు మేలే. ఇంటికి దూరముగా బడి యున్నవారు కాలువగట్టున నడచి వచ్చుట మరింత మేలు.

ఆడుటకును కొన్ని నియమములున్నవి. ఆటకు ముందు అయిదు నిమిషములు మెల్లగా పరుగెత్తి దేహమును వెచ్చబరచవలెను. ఆట ముగిసిన పిదప మెల్లగా నడచి చల్లబరచవలెను. మన డెల్టాలో గాలి తేమగా నుండుటచేత చెమట త్వరగా ఆరదు. చెమట ఆరినప్పుడే దేహము చల్లబడును. కావున ఇచ్చట వేసవిలో మిట్టమధ్యాహ్నము ఆడుట ప్రమాదము. ఉదయము, సాయంత్రము ఆడవలెను. దాహమగువరకు ఆగక నడుమ నడుమ నీరు త్రాగవలెను. తల తిరిగినను, కడుపులో త్రిప్పినను ఆట మాని నీడకు రావలెను. గాయమైనచో కాలువనీటితో కాక శుభ్రమైన నీటితోను సబ్బుతోను కడుగవలెను. ఆట ముగియగానే చేతులు, కాళ్ళు కడుగుకొనవలెను. ఒకే లోటాను పదిమంది ఎంగిలి చేసి త్రాగరాదు. ఈ నియమములను గోడపై వ్రాసినచో ఎవరు చదువుదురు? ప్రతిదినము ఆటలగంటలో ఆచరించినచో, మరి యెవరు మరతురు?

ఆరోగ్యమునకు తోడుగా ఆట మరియొక గుణమును నేర్పును. ఓడినవాడు గెలిచినవాని చేయి పట్టుకొని అభినందించుట, అంపైరు తప్పు చెప్పినను తీర్పునకు లోబడుట, పడినవానిని లేపుట, ఇవియన్నియు నాలుగు గీతల నడుమ నేర్చుకొను నీతులు. రక్తహీనతతో కూలబడిన తోటిపిల్లను చూచి "సోమరి" యని నవ్వుటకు బదులు, ఆమెను నీడకు నడిపించి మాస్టారికి చెప్పు బాలుడు ఆరోగ్యపాఠమును పూర్తిగా నేర్చినవాడు.

కడియపు తోటలలో లారీ వచ్చిన దినమున చూడవలెను. ఎండకు, గాలికి అలవాటుపడిన మొక్కలను ఎంచి పైకెక్కించుదురు. వందల మైళ్ళు ప్రయాణము చేసి, ఎన్నడును చూడని నేలలో పాతబడి, అవి వేరూనుకొని పూయవలెను. మీరును ఒకనాడు ఈ బడి విడిచి తెలియని ఊళ్ళకు, తెలియని పనులకు పోవలసినవారే. ఆనాడు మీతో వచ్చునది మార్కుల కాగితము మాత్రమే కాదు. మీ గుండె, మీ ఊపిరి, మీ ఎముకలును వచ్చును. అవి ఇప్పుడు, ఈ సాయంత్రపు ఆటలగంటలో తయారగుచున్నవి. గంట కొట్టినది. పుస్తకము మూసి బయటికి నడువుడు.

ప్రశ్నలు

1. సంచిలోని మొక్కకును, కదలక కూర్చుండు విద్యార్థికిని గల పోలికను వివరింపుడు.

2. బోదకాలు, కొంకిపురుగు వ్యాధులు ఎట్లు వ్యాపించును? వాటినుండి తప్పించుకొను మార్గములేవి?

3. తరగతిగది దాచిన రోగమును ఆటస్థలము ఎట్లు బయటపెట్టినది?

4. ఆటకు ముందును, ఆట ముగిసిన పిదపను మీ నాడిని లెక్కించి, నెలదినముల పట్టిక తయారుచేయుడు. దానివలన మీరు గ్రహించినదేమి?